ఐదు నిమిషాల సందు

"గా గడి తీసెయ్యి," అన్నాడు నా మొగుడు బలరాం. నేనప్పుడు పప్పుకు పోపు పెడుతున్నాను. జనగామలో మా నెట్ సెంటర్ ముందు గదిలో, మా సంసారం వెనక గదిలో. నాలుగు కంప్యూటర్లకూ ఇంటికీ కలిపి ఒకటే ఫోను లైను; నెట్ నడిచినంతసేపూ బయటివాళ్లకు ఫోను ఎంగేజే. బోర్డు మీద పేరు ఆయనది. లైను కలపడానికి, తెంపడానికి స్క్రీన్ మీద వచ్చే చిన్న పెట్టెను మాత్రం నేనే రాశాను, అన్నం ఉడికే లోపల ఇంత, బట్టలు నానే లోపల ఇంత, పదకొండు రోజులు. కనెక్షన్ల వరుస, డయల్ బటను, కట్ బటను, లైను తెగితే దానంతటదే మళ్లీ డయల్ చేసే గడి. చివర్న నా కోసం ఒక గడి. దానికి టిక్కు పెడితే అరగంటకోసారి లైను వదిలేసి ఐదు నిమిషాలు ఆగుతుంది. గార్ల దగ్గర తండాలో ఉండే మా అమ్మ ఆ సందులోనన్నా ఫోన్ చేస్తుందని నా ఆశ. అమ్మను మేం యాడి అంటాం.

"ఐదు నిమిషాలు ఆగితే గిరాకి లేచిపోతది. నీకెవలు చేస్తరే ఫోను? మీ తండోళ్లా?"

ఆయనదీ తండానే. మరిచిపోయినట్టున్నాడు. తీసేశాను. నా చేతులతో నేనే తీశాను, పాడు చేతులు.

ఇంటర్ ఫలితాల రోజు సెంటర్ కిటకిటలాడింది. లైను తెగినప్పుడల్లా నా పెట్టె క్షణం ఆగకుండా డయల్ చేసుకుంది. బలరాం తెలంగాణ సభలో మాట్లాడి వచ్చి, ఛాయ్ తాగుతూ ఒకటే మురిసిపోయాడు. "మన గోస ఇనేటోడు లేడు" అన్నచోట చప్పట్లు ఆగలేదట. ఆ ప్రసంగం కాగితం టైపు చేసిందీ నేనే.

సాయంత్రం మా అన్న వాల్యా రైలు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మానుకోట దవాఖాన ముంగట ఎస్టీడీ డబ్బాల నిలవడి, పొద్దుగాల ఏడింటి సంది చేసిన చెల్లె. ఎప్పుడు చేసినా ఎంగేజే. యాడి నిన్నే అడిగింది. పన్నెండింటికి పానం పోయింది."

రైల్లో రెండున్నర గంటల దూరం. ఒక్క ఫోను అంది ఉంటే యాడి చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని. గుండె పగిలేలా ఏడ్చాను.

దినాలయ్యాక తిరిగొచ్చి, పొయ్యి ముట్టించకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మర్నాడు ముందు గదిలోంచి బలరాం పిలిచాడు. "లైను ఊకె పోతాంది రుక్కీ, జర సూడు."

"పోతలేదు. ఐదు నిమిషాలు ఆగుతది."

"గా గడి మల్ల వెట్టినవా? నేనే టిక్కు తీసేస్త."

"గడి లేదు, తీసేటందుకు టిక్కు లేదు, ఆగుడు లోపటనే రాసిన. రాసిన ఫ్లాపీ నా దగ్గరనే ఉన్నది, ఇయ్య."

ఆయన మెల్లగా అడిగాడు. "ఇంక నీకెవలు చేస్తరే?"

ఎవరూ చెయ్యరు. అయినా ప్రతి అరగంటకూ చేతిలో పని వదిలేసి, ఆ ఐదు నిమిషాలూ ఫోను పక్కన కూర్చుంటున్నాను.