రామూర్తి వంతు

"ఇంకోపాలి సదువు మావా," అంది గౌరీశ్వరి, జీడిపప్పు మీద పొట్టు గీరుతూనే.

రామూర్తి చదివాడు. ఏది రాసినా ముందు పెళ్లానికి వినిపించడం అతని పద్ధతి. పప్పు మీద ఆమె చెయ్యి ఆగిందంటే అక్కడ అర్థం కాలేదన్నమాట. ఇవాళ ‘మూత్రపిండ నాళిక’ దగ్గర ఆగింది. కొట్టేసి ‘ఒంట్లో వడపోత గుడ్డ’ అని రాశాడు. చెయ్యి కదిలింది.

"మన ఊళ్లోళ్లకి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొత్తందో రాసినావేటి?"

"ఇంకా తెలీదనే రాసినాను."

"తెలీదని సెప్పడానికి ఇన్ని కాయితాలేటి మావా!"

నవ్వాడు. నవ్వితే ఉబ్బిన మొహంలో కళ్లు కనపడవు. అతనిదీ అదే జబ్బు. వారంలో సగం డయాలసిస్ మంచం మీదే. అక్కడే, సూది లేని చేత్తో రాసుకుంటాడు.

పత్రికలో సైన్సు శీర్షిక రాసుకుని బతికాడు. ఇది పంపితే వాళ్లు కథలా ఉందన్నారు. కథల పత్రికవాళ్లేమో వార్తలా ఉందన్నారు. ఇక మిగిలింది పలాస సాహితీ మిత్రుల సభ. ఏళ్ల తరబడి అక్కడ కుర్చీలు వేశాడు, తీశాడు. చదవమని పిలిచింది మాత్రం ఇవాళే. వీళ్లూ కాదంటే దానికి ఇంకెక్కడా చోటు లేదు.

సాయంత్రం స్టేషనెదురు, సభ జరిగే మేడ, మెట్టు మెట్టుకీ నిలబడి ఎక్కాడు.

"ఏమోయ్ రామూర్తీ, కథేనా, మళ్లీ పేపర్లో రాసే బావినీళ్ల పరీక్షా?" అన్నాడు సభ పెద్ద జగన్నాథం మాస్టారు. అందరూ నవ్వారు.

"వినీసి మీరే సెప్పండి మాస్టారూ."

కరెంటు లేదు. విసనకర్రలు ఊగుతుంటే మొదలెట్టాడు. కాసేపటికి తలెత్తి చూస్తే ఒక్క విసనకర్రా ఊగడం లేదు. అన్ని చేతులూ ఆగిపోయాయి. అర్థం కాలేదన్నమాట. కాయితాలు మడిచేశాడు.

"అదేటోయ్, ఆపీసినావేటి?" మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "సదువు. మా తమ్ముడు పోయింది ఇలాగేరా."

మళ్లీ విప్పాడు. చివరిదాకా చదివాడు.

చప్పట్లయ్యాక ఎవరో కిందికి పరిగెత్తి, సన్మానమంటూ కొబ్బరిబొండం కొట్టించి తెచ్చారు. కిడ్నీ పోయినవాడికి కొబ్బరినీళ్లు పనికిరావని అతను పేపర్లో ఎన్నిసార్లు రాశాడో! ఆ పేజీ వీళ్లు తిప్పితే కదా. ప్రేమగా ఇచ్చింది కాదనలేకపోయాడు. ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరో పద్యం ఎత్తుకున్నారు.

సభ ముగిసింది. కుర్చీలు తియ్యడానికి రామూర్తి లేవలేదు. మాస్టారు భుజం తట్టి, చెయ్యి పట్టుకు చూసి, అక్కడే నేలమీద కూలబడ్డాడు.

రామూర్తి వేళ్ల మధ్య నుంచి బొండాన్ని మెల్లిగా తీసి ఎవరో కిటికీలో పెట్టారు. అంచుదాకా నీళ్లు, వేసిన స్ట్రా వేసినట్టే ఉంది.