ఎంగిలి పట్టని నాడె

నేను ఒక నాడెను, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తి అడ్డపోగు వేసేదాన్ని. గట్టి కర్రతో చెక్కి, రెండు కొనలకూ ఇనుప మొనలు బిగించి, నన్ను షోలాపూర్ తూర్పు పేటలోని ఒక మరమగ్గాల షెడ్డుకు పంపారు. పడవలాంటి నా కడుపులో నూలు కండె కూర్చుంటుంది. పక్కన చిన్న కన్ను ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా నేతగాడు ఆ కంటికి పెదవులు ఆనించి పీల్చాలి. అప్పుడే పోగు బయటికి వస్తుంది. నా బతుకంతా ఈ ముద్దుల మీదే సాగింది.

ఆ పేటలో వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. సిరిసిల్ల వైపు మగ్గం ఆడక వచ్చినవాళ్లు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, అక్కడే మార్కండేయుడికి గుడి కట్టుకున్నారు, అక్కడే కాలి బూడిదయ్యారు. ఊరికి తిరిగి పోతామనే మాట మాత్రం ఎవరూ వదల్లేదు. నీళ్ల గ్లాసును పెదవికి తగలనివ్వకుండా ఎత్తి తాగేవాళ్లు. ఒకరి ఎంగిలి ఒకరు ముట్టేవారు కారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టింపు గుర్తుండేది కాదు. పనికి ఎంగిలి లేదని వాళ్ల నమ్మకం.

పోశెట్టిది పగటి పాళీ. అతని భార్య లసుమవ్వ తమ్ముడు లింబాద్రిది రాత్రి పాళీ. ఇద్దరికీ మగ్గం ఒక్కటే, నేను ఒక్కదాన్నే. ఇంట్లో చాప కూడా ఒక్కటే. ఒకరు లేచిన వెచ్చదనంలోనే ఇంకొకరు పడుకునేవారు. లింబాద్రిని ఊరి నుంచి తెచ్చి, పోగు పీల్చడం నేర్పింది బావే.

ఒక చలికాలం పోశెట్టికి దగ్గు తగ్గలేదు. మగ్గాల మోతలో అది ఎవరికీ వినపడలేదు. నాకు మాత్రం తెలిసింది. ఒకనాడు అతని పెదవి విడిచిన పోగు తెల్లగా లేదు. ఇంట్లో బీడీలు చుట్టే లసుమవ్వ అతని తుండుగుడ్డలో అదే ఎరుపు చూసింది. ఆస్పత్రిలో క్షయ అన్నారు. పక్కవాళ్లకు అంటుతుంది, జాగ్రత్త అని చెప్పి మందులిచ్చారు.

మర్నాడు పాళీ మారే వేళ, మగ్గాలు కాసేపు ఆగినప్పుడు, ఆమె షెడ్డుకు వచ్చింది. తమ్ముడి చేతిలో కొత్త నాడె పెట్టింది.

"తమ్మీ, ఇగ నువ్వు దీన్తోనే నెయ్యి. మీ బావది ముట్టకు."

లింబాద్రి బావ వంక చూశాడు. పోశెట్టి తల దించుకుని నన్ను తుడుస్తున్నాడు.

"ఏందక్కా, బావ ఎంగిలి నాకు ఎంగిలైతదా? నన్ను తెచ్చి సాదినోడు. అందరి ముంగట గింత మాటంటే ఆయన పానం ఉంటదా?"

"పానం కోసమే అంటున్నరా, మొండోడా!"

"నీ బీడీ పొగాకు కన్న ఇదే నయం, పోయే!"

నవ్వుతూ నన్ను బావ చేతిలోంచి లాక్కుని, అందరూ చూస్తుండగా కంటికి పెదవులు ఆనించి పీల్చాడు. షెడ్డంతా నవ్వింది. పోశెట్టి కళ్లు తుడుచుకున్నాడు. వద్దంటే లింబాద్రి వినేది ఆయన మాట ఒక్కటే. ఆయన అనలేదు. ఆ గౌరవం ఆయనకు అంత అవసరమైంది.

లసుమవ్వ దగ్గరుండి మింగించిన మందులతో పోశెట్టి కోలుకున్నాడు. లింబాద్రి తన దగ్గు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే బావ మీదికి మాట వస్తుందనుకున్నాడు. బయటపడేసరికి మందులకు అందకుండా పోయాడు.

ఆ తర్వాత చాప పగలంతా చల్లగా ఉండేది.

కొన్నేళ్లకు నాడెలు అక్కర్లేని మగ్గాలు వచ్చాయి. పాతవాటిని తుక్కు కింద తూచి అమ్మేశారు. పోశెట్టి నన్ను తుండులో చుట్టి ఇంటికి తెచ్చి, "పొయ్యిల పెట్టు" అన్నాడు.

లసుమవ్వ నన్ను మంట దాకా తీసుకెళ్లి ఆగింది.

"ఎట్ల పెట్టాలె? మా తమ్ముని మూతి తగిలింది దీనికే గదా."

"నా మూతి గూడ తగిలింది" అన్నాడు పోశెట్టి.

ఆమె నన్ను మంట దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంది. నీళ్లు మరగబెట్టి, నన్ను అందులో వేసి, పీచుతో చాలాసేపు తోమింది. కంటిలో ఇరుక్కున్న పోగు ముక్క మాత్రం రాలేదు.

ఇప్పుడు నేను గూట్లో ఉన్నాను. ఇక్కడి నుంచి వంటిల్లు కనిపిస్తుంది. లసుమవ్వ రోజూ గిన్నెలన్నీ తోమి ఒకచోట బోర్లిస్తుంది. పోశెట్టి గ్లాసును మాత్రం వేరుగా కడిగి, వేరుగా పెడుతుంది. అతని జబ్బు నయమై ఏళ్లయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.