దోర్కాస్ వేలిముద్ర

దోర్కాస్ మూడోసారి బొటనవేలు నొక్కింది. ప్రయోగశాల గోడమీది హాజరు మిషను మూడోసారీ ఎర్రదీపం వెలిగించి కీచుమంది. పదకొండేళ్లు పలాస బట్టీల్లో జీడిపిక్కలు ఒలిచిన వేళ్లవి. జీడిచమురు గీతలన్నీ తినేసింది. మిషను లెక్కలో ఆమె ఏనాడూ పనికి రాలేదు. పెద్దసారు పురుషోత్తం దయతలచి రిజిస్టరులో సంతకం పెడితేనే హాజరు. ఆ దయకోసం రోజూ ఆయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి, ఖర్మ.

లేజరు గదిలో మాత్రం ఆ వేళ్లు లేందే పని జరగదు. జీడిపప్పు బద్దవకుండా గుండుగా తీసిన చెయ్యి మరి! గాజుపలక మీద నీటిబొట్టు వేసి, పైన పల్చటి గాజును ఒక్క బుడగైనా లేకుండా దించేది. ఆ నీటిలో కంటికి ఆనని ప్లాస్టిక్ పూసలుంటాయి. లేజరు కాంతిని ఉంగరంలా మలిచి కటకం గుండా పంపితే, పూసలు ఆ వెలుగులో చిక్కుకుని గానుగెద్దుల్లా తిరిగేవి. దోర్కాస్‌కి అది తెరమీద చూడ్డమంటే ఇష్టం.

ఆ రోజు పైనుంచి పరిశీలకులు వస్తున్నారు. "నువ్వు తప్పుకో" అని పురుషోత్తం కటకం తనే విప్పి, తనే తుడిచి, తనే బిగించాడు. చేతికి తొడుగు లేదు. దోర్కాస్ చూసి కూడా నోరెత్తలేదు. సంతకం ఆయనది.

పరిశీలకుల ముందు వెలుగు ఉంగరం ఒక పక్క చెదిరిపోయింది. పూస ఒక్కటీ నిలవలేదు. పురుషోత్తం కటకం విప్పి దీపం కింద పెట్టాడు. అద్దం మీద వేలిముద్ర. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు.

"చమురు చేతుల్తో ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు? బుద్ధిలేని మనుషులు! రేపట్నుంచి రాకు."

దోర్కాస్‌కి ఒళ్లు మండిపోయింది. రెండు చేతులూ అదే దీపం కింద చాచింది.

"నా ఏళ్లకి గీతలే నేవు గదా సారూ. ఉంటే ఆ మిసను నన్నెందుకు ఒప్పుకోదు? అది ఎవులి ఏలో మీరే సూడండి."

ఆ గదిలోనే పరిశోధన చేసే ప్రవల్లిక నేల చూపులు చూసింది. పరిశీలకులు టీ కప్పుల్లోకి చూశారు. పురుషోత్తం మొహం మాడింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

దోర్కాస్ తాళాలు మేకుకి తగిలించి, వెళ్తూ వెళ్తూ అలవాటుగా మిషను మీద వేలు నొక్కింది. కీచుమంది.

"అయితే నాను రానే నేదన్నమాట," అని తన ఊరు జలంత్రకోట బస్సెక్కింది.

లోపల బల్లమీద ఆ కటకం అలాగే ఉంది. దానిమీద వేలిముద్ర, ఒక్క గీతైనా చెరగకుండా.