రెండు తాళాల హాలు

ఆ కాలనీ కమ్యూనిటీ హాలుకు రెండు తాళాలు. ఒకటి సంక్షేమ సంఘం అధ్యక్షుడు జోగారావుది, రెండోది తెలంగాణ ఉద్యమ కమిటీ కన్వీనరు మహేందర్‌ది. జోగారావు కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న రిటైర్డు ఇంజనీరు. ఉద్యమం వాళ్ళు హాలును ఎక్కడ కబ్జా పెడతారోనన్న భయంతో ముందు ఆయన తాళం వేశాడు. అది చూసి ఒళ్ళు మండిన మహేందర్ దాని పక్కనే తనదొకటి బిగించాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి వస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. వాళ్ళు కలిసి రారు. లోపల టెంటు హౌసు కుర్చీలు, పాత ఫ్లెక్సీలు, పోయినేటి గణపతి పందిరి గుంజలు. చంపాపేట్ రోడ్డుకు అంత దగ్గరలో, ఫ్యాన్లూ బాత్రూమూ ఉన్న హాలు ఎలుకల పాలైంది.

ఆ తలుపు ముందు నుంచి నడిచినప్పుడల్లా అరుణజ్యోతి ఆగి ఆ రెండు తాళాల వంక చూసేది. ఆమె సరూర్‌నగర్‌లో సర్కారు బడి టీచరు. పనికి పోయే తల్లుల పిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రం ఒకటి ఈ హాల్లో పెట్టాలని, అలాంటిది ప్రతి వార్డులోనూ సర్కారే నడపాలని ఆమె చాలాకాలంగా తిరుగుతోంది. కార్పొరేటరును అడిగింది, కలెక్టరేటు మెట్లెక్కింది, టీచర్ల సంఘం సభలో మైకు పట్టుకుని మరీ చెప్పింది. పిల్లలకు ఏదైనా జరిగాక పరుగెత్తుకొచ్చే చట్టాలున్నాయి, జరగకుండా ఆపే ఏర్పాటే లేదని ఆమె వాదన. విన్నవాళ్ళంతా చాలా మంచి ఆలోచన అన్నారు. అని, టీ తాగి పోయారు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి. అరుణజ్యోతి కూడా సమ్మెలో ఉంది. తెలంగాణ రావాలన్న కోరిక ఆమెకూ ఎవరికంటే తక్కువ లేదు. కానీ బడికి తాళం పడితే అక్కడ అన్నం తినే పిల్లలు పగలంతా ఎక్కడుంటున్నారని ఉద్యమం టెంట్లలో పాడేవాళ్ళు గానీ, టీవీల్లో అరిచేవాళ్ళు గానీ ఒక్కరూ అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమెకూ ఆలస్యంగానే తట్టింది. సంతోషి దొరికిన రోజు తట్టింది.

సంతోషి ఆమె బడిలో ఒకటో తరగతి. తల్లి అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో వంటపని చేస్తుంది. నల్లగొండ నుంచి వచ్చిన మనిషి. మొగుడు లారీ మీద పోయి మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఆ మధ్యాహ్నం కిరాయి గదిలోంచి ఏడుపు వినిపించి కాలనీ వాళ్ళు తాళం పగలగొట్టారు. పిల్ల కాలికి పాత చీరగుడ్డ, ఆ గుడ్డ కొస కిటికీ చువ్వకు. పక్కన గిన్నెలో చద్దన్నం. ముడి విప్పడం మాని ముందు సెల్‌ఫోన్లు తీశారు. పిల్ల ఏడుపు ఆపి ఫోన్ల వంక చూస్తుంటే, ఏడవమని ఒకాయన బతిమాలాడట. సంగతి తెలిసి అరుణజ్యోతి అక్కడికి వచ్చింది.

అండాలమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఆమెను రాక్షసి అన్నారు, ఒకావిడ చెంప మీద కొట్టింది. పోలీసులు వచ్చారు. శిశు సంక్షేమం నుంచి వచ్చిన అధికారిణి నోరు చేసుకోలేదు గానీ, కచ్చితంగానే చెప్పింది. పగటిపూట పిల్లను భద్రంగా ఉంచే చోటు సోమవారంలోగా చూపించాలి. లేకపోతే పిల్లను ప్రభుత్వ హోముకు తీసుకుపోతుంది.

"ఎందుకు కట్టేసినవ్ అండాలమ్మా?" అని అరుణజ్యోతి అడిగింది.

"తాళమేమో మీదింటోని కోసం టీచరమ్మా. చాక్లెట్ ఇస్తనని ఊకె తలుపు కొడ్తుండు. ఇంటి ఓనరోళ్లకు చెప్తే, ఆయన మంచోడే, నీ మనసే మంచిది కాదన్నరు. గుడ్డేమో పొయ్యి కోసం. మొన్న కిరసనాయిలు డబ్బా మీదికి గుంజుకున్నది. బడి ఉంటే గీ పని చేస్తుంటినా?"

అండాలమ్మ కళ్ళతో చూపించిన వైపు అరుణజ్యోతి తలెత్తి చూసింది. గుంపులో ముందు వరసలో నిలబడి, తల్లంటే ఎలా ఉండాలో అందరికంటే గట్టిగా చెబుతున్నవాడు ఆ మీదింటివాడే. తెల్లచొక్కా, నుదుట బొట్టు. వాడి వంక ఒక్క ఫోనూ తిరగలేదు. ఆమె కానిస్టేబుల్ని పక్కకు పిలిచి సంగతంతా చెప్పింది. అతను గడ్డం గోక్కుని, "ఇప్పటిదాక ఏం చెయ్యలేదు గద మేడమ్. ఏమన్న చేస్తే అప్పుడు చెప్పుండ్రి" అన్నాడు. ఆ మాట ఆమె ఒంటికి జిడ్డులా పట్టుకుంది, ఇంటికెళ్ళి స్నానం చేసినా వదల్లేదు.

మర్నాడు హాలు తలుపు తీయమని అడగడానికి జోగారావు ఇంటికి వెళ్ళింది. ఆయన కుర్చీ వేయించి, మర్యాదగా మజ్జిగ ఇప్పించాడు.

"మీ ఉద్దేశం మంచిదేనమ్మా, కాదనట్లేదు. కానీ హాలంటే కాలనీ పరువు కదండీ. అద్దెకుండేవాళ్ళ పిల్లలొచ్చి గోడలన్నీ పాడుచేస్తే రేపు మావాళ్ళు నన్నే అంటారు. పైగా పిల్లని కట్టేసిన మనిషికి మనం బహుమానం ఇచ్చినట్టు అవ్వదూ?"

మజ్జిగ ముట్టకుండా లేచి మహేందర్ దగ్గరికి పోయింది. అతను ఎల్బీనగర్ చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు కింద ఫోను మాట్లాడుతున్నాడు.

"జర ఆగక్కా. తెలంగాణ రానీ, గిసోంటియన్నీ వాటంతట అవే అయితయి. ఇప్పుడు గీ ముచ్చట తీస్తే ఉద్యమం పక్కకు పోతది. లోపల మా ఫ్లెక్సీలున్నయి, పోరగాండ్లు ఖరాబ్ చేస్తరు."

రాష్ట్రం ఒకటా రెండా అన్నచోట పీకలు కోసుకునే ఇద్దరు, పసిపిల్లలకు తలుపు తీయకూడదన్నచోట తోడబుట్టినవాళ్ళైపోయారు. అరుణజ్యోతికి వాళ్ళ మీద కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. మహేందర్ అంతటితో ఆగినా బాగుండేది.

"ఎల్లుండి ఆదివారం టెంట్ల లేడీ టీచర్ల వంతు. నువ్వు కూసోవాలె అక్కా. ఆ పిల్లను గూడ తోల్కరా. పొద్దుమీకి నిమ్మరసం ఆమె చేతులతోని ఇప్పిద్దాం. టీవీవోళ్లు మస్తు చూపిస్తరు."

అరుణజ్యోతి అతని ముఖంలోకి చూసింది. "సరే" అంది.

రిలే దీక్ష పద్ధతి అందరికీ తెలిసిందే. రోజుకో సంఘం వంతు. పొద్దున దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే తాగి లేస్తారు, మర్నాడు ఇంకో సంఘం. ఆ గ్లాసు తాగితేనే వంతు దిగినట్టు. ఆదివారం సాయంత్రం సంతోషి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వరసగా టీచర్లకు ఇచ్చింది. అందరూ తాగి లేచారు. అరుణజ్యోతి మాత్రం గ్లాసు అందుకుని, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని దానికే తాగించింది.

"అక్కా, టీవీవోళ్లున్నరు" అన్నాడు మహేందర్ గొంతు తగ్గించి.

"అందుకే. హాలు తలుపు తీసేదాక నేను తాగ, లేవ."

"ఉద్యమం టెంట్ల కూసోని మా మీదనే దీక్షనా? ఆ జోగారావు తాళం గూడ ఉన్నది గద, నన్నేం చెయ్యమంటవ్?"

"ఇద్దరు కలిసి రాండ్రి. పిల్లలను ఎట్ల కాపాడాలెనో ఇయ్యాల చేసి చూపించనోళ్లు రేపు రాష్ట్రమొస్తే చేస్తరంటే నేను నమ్మ."

మహేందర్ బతిమాలాడు, బెదిరించాడు, మైకు కట్టేయించాడు. ఆమె కదల్లేదు. తోటి టీచర్లలో ఒకరిద్దరు తోడుగా అక్కడే పడుకున్నారు, మిగతావాళ్ళు ఇళ్ళకు పోయి ఫోన్లలో మెచ్చుకున్నారు.

సోమవారం వంతు ఆటో డ్రైవర్లది. దండలతో వచ్చి, నిన్నటి మనిషి లేవకపోవడం చూసి తికమకపడ్డారు. సంగతి విన్నాక వాళ్ళ నాయకుడు సైదులు దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"మేం గూడ పిల్లలను లోపలేసి తాళం బెట్టే వస్తున్నం టీచరమ్మా. చెప్పుకుంటే సిగ్గు. నువ్వు లేసినంకనే మేం కూసుంటం."

డ్రైవర్లు అలా నిలబడిపోయారు. దీక్ష ఎందుకాగిందని టీవీ వాళ్ళు మహేందర్‌ని అడుగుతున్నారు. సంక్షేమ సంఘం వేసిన తాళం వల్లే పిల్ల హోముకు పోతోందని అవతల టీవీల్లో స్క్రోలింగు నడుస్తోంది. అది చూసి జోగారావు తనంతట తానే కారులో వచ్చాడు. మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, కెమెరాల వైపు నవ్వుతూ, చెరో తాళం తీశారు. ఈ హాలును పిల్లలకు అంకితం చేయాలని తనకు ఎప్పటి నుంచో ఉందని జోగారావు అన్నాడు. ఉద్యమం సాధించిన మొదటి విజయం ఇదేనని మహేందర్ అన్నాడు. తలుపు తీశారని తెలిశాకే అరుణజ్యోతి టెంట్లోంచి లేచి, సైదులు ఆటోలో హాలుకు వచ్చింది.

సైదులు మనుషులు గుంజలు బయటపడేసి నేల ఊడ్చారు. వంతులవారీగా టీచర్లే చూసుకుంటారని రాసిమ్మని అధికారిణి అడిగితే, అరుణజ్యోతి సంతకం పెట్టింది. పిల్లను హోముకు తీసుకుపోవడం లేదని అధికారిణి చెప్పగానే అండాలమ్మ గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇగ తాగక్కా" అని మహేందర్ నిమ్మరసం గ్లాసు చాచాడు. జోగారావు కూడా దానికో చెయ్యి ఆనించాడు. ఫొటోగ్రాఫరు సంతోషిని మధ్యలో నిలబెట్టమన్నాడు.

సంతోషి అక్కడ లేదు. హాలు మధ్యలో స్తంభం ఉంటే దాని దగ్గరికి పోయి, వీపు ఆనించి బుద్ధిగా కూర్చుంది. కుడికాలు ముందుకు చాపి, టీచరు వైపు చూసి, "గుడ్డ మర్చిపోయినవా టీచర్?" అంది.

అరుణజ్యోతి గ్లాసు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. జోగారావు గోడల వంక చూశాడు. మహేందర్ ఫోను తీశాడు. ఫొటోగ్రాఫరు మాత్రం కెమెరా సర్దుకుంటూ, "పాపా, కాలు లోపలికి పెట్టుకో, ఫొటోల మంచిగ రాదు" అన్నాడు.