మాసయ్య లైట్లు ఆర్పే వెళ్లాడు

డాక్టర్ బాలత్రిపురసుందరి తన డ్రైవరు మాసయ్యను పనిలోంచి తీసేసి మూడు వారాలైంది. ఆరేళ్లు ఆమె కారు నడిపిన మనిషి. రాత్రి కారు లైట్లు ఆర్పడం మరిచిపోయి, పొద్దున్నే ఎవరూ చూడకముందు వచ్చి స్విచ్ ఆపేస్తున్నాడని, అందుకే బ్యాటరీ పడిపోతోందని ఆమె అనుమానం. ఆర్పే వెళ్తున్నానని మాసయ్య ఒక్కసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు. తాళంచెవి వరండాలో బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు కారు తనే నడుపుకుని వచ్చి, రాత్రి ఆమే లైట్లు ఆర్పింది. తెల్లారి కారు కదల్లేదు. ఇన్నాళ్ల అశ్రద్ధకి బ్యాటరీ పాడైపోయి ఉంటుందని సర్దిచెప్పుకుని కొత్తది కొనిపించింది. రెండో రోజుకి అదీ పడిపోయింది. తప్పు మాసయ్యది కాదని అప్పుడే అర్థమైంది గాని, ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. పక్కింటి విశ్వేశ్వరరావు గారు రోజూ తన కారు తెచ్చి ఆనించి, రెండు తీగలు కలిపి స్టార్టు చేయించి పంపేవారు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లిలో ఆమె ఆసుపత్రికి ఎంతో దూరం లేదు. కానీ కాన్పు కేసులకు నాలుగు వీధులూ తిరగాలి.

ఆయన పనిమీద ఏలూరు వెళ్లిన వారం ఇక లాభం లేదని నారాయణగూడలో షెడ్డు నడిపే కురుమయ్యకు కబురు పెట్టింది. అరవై దాటిన మనిషి. సాయంత్రం వచ్చాడు గాని బానెట్ ఎత్తలేదు. వరండా మెట్టుమీద కూర్చుని ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది, పగలు గంటసేపు ఆపితే మళ్లీ స్టార్టవుతోందా, తాళంచెవి తిప్పగానే స్టీరింగు ముందున్న ఎర్రదీపం వెలుగుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. రోగులను తాను ఇలాగే అడుగుతుంది. మాసయ్యను మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. పగలు స్టార్టవుతోందని, ఎర్రదీపం మాత్రం నెలనుంచీ వెలగడం లేదని చెప్పింది.

కురుమయ్య బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, పొద్దున్నే వస్తానని వెళ్లాడు.

తెల్లవారి మంచులో వచ్చి, అన్ని స్విచ్‌లూ ఆపి ఉన్నాయని ఆమెకే చూపించి, తీగ మళ్లీ తగిలించాడు. చిటుక్కున నిప్పురవ్వ లేచింది.

"ఏదో కరెంటు తాగుతున్నదమ్మా. జర ఆగుదాం, దొంగ దొరుకుతడు."

ఆమె ఇచ్చిన కాఫీ తాగి, అరగంటయ్యాక ఆమెను పిలిచాడు. ఇంజనుమీద చెయ్యి పెట్టమన్నాడు. చల్లగా రాయిలా ఉంది. పక్కనున్న డైనమోమీద పెట్టమన్నాడు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా వెచ్చగా ఉంది.

కారు నడుస్తున్నప్పుడు డైనమో బ్యాటరీకి కరెంటు పంపాలి. ఆగగానే ఆ దారి మూసెయ్యడం కటౌట్ అనే చిన్న స్విచ్ పని. దాని లోపల కరెంటు కలిపే ముళ్లు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రాత్రంతా బ్యాటరీయే తిరిగి డైనమోలోకి కారిపోతోంది. కురుమయ్య కటౌట్ ఉన్న చిన్న నల్లపెట్టె మూత తీసి, ముళ్లు విడదీసి, గరుకు కాగితంతో రుద్దాడు. తాళంచెవి తిప్పితే ఎర్రదీపం వెలిగింది. ఇంజను ఒక్క పట్టున అందుకుంది.

"ఇందుల డ్రైవరు తప్పేం లేదమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తాను ఏమీ చెప్పకుండానే అతనికెలా తెలిసిందో ఆమె అడగలేదు.

తరవాతి రెండు రోజులూ తెల్లారి కారు మామూలుగా కదిలింది. మూడోనాడు ఆమె మాసయ్య ఉండే కవాడిగూడ బస్తీకి వెళ్లింది. అతను దగ్గర్లోనే కడుతున్న ఇంటి ముందు ఇసుక జల్లిస్తున్నాడు. ఆమెను చూసి జల్లెడ కింద పెట్టాడు.

"కటౌట్ అతుక్కుపోయిందట. నువ్వు లైట్లు ఆర్పే వెళ్లావు మాసయ్యా. తప్పు నాది," అంది, పక్కన కూలీలు వింటున్నా గొంతు తగ్గించకుండా.

"ఆనాడు మీరు అడగలే డాక్టరమ్మా. మీరే చెప్పిండ్రు," అన్నాడు మాసయ్య. ఆ మాటలో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

"ఇకమీద అడుగుతాను."

అతను చేతులు దులుపుకుని కారు దగ్గరికి నడిచి, బానెట్ ఎత్తి, నల్లపెట్టె చూశాడు. ఎవరు చేశారని అడిగి, కురుమయ్య పేరు వినగానే తలూపాడు. శనివారం స్లాబు ఉందని, మేస్త్రీకి మాట ఇచ్చానని, సోమవారం పొద్దున వస్తానని చెప్పాడు.

సరేనని ఆమె కారెక్కింది. చిక్కడపల్లిలో అప్పటికే ముగ్గురు గర్భిణులు బెంచీమీద ఎదురుచూస్తున్నారు.