వదిన తెచ్చిన బకెట్లు

మా వదినతో యంత్రం కొనడానికి వెళ్లడమంత నామోషీ పని ఇంకోటి లేదు. అందరూ షాపుకి చేతిసంచితో వస్తారు. ఆవిడ రెండు బకెట్ల కుళ్లిన చెత్తతో వచ్చింది.

వదినకి ఊరి చివర షెడ్డు ఉంది. మార్కెట్లో మిగిలిపోయిన కూరగాయలు కుప్పపోసి సేంద్రియ ఎరువు తయారుచేస్తుంది. పన్నెండేళ్ల కష్టం అది. ఈ మధ్య కుప్పలు కంపు కొట్టడం మొదలుపెట్టాయి. చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేశారు. నెలలోగా వాసన ఆగకపోతే షెడ్డుకి తాళం వేస్తామని ఆరోగ్యశాఖ అధికారి చెప్పి వెళ్లాడు.

విరుగుడు నాకు తెలుసనుకున్నాను. వెల్డింగ్ పనివాణ్ని, యంత్రాల సంగతి నాకు కాక ఎవరికి తెలుస్తుంది? పెద్ద డ్రమ్ము కొని చెత్త అందులో వేసి తిప్పితే గాలి తగిలి కంపు పోతుందన్నాను. అని ఊరుకున్నానా? డ్రమ్ము పెట్టడానికి షెడ్డులో సిమెంటు దిమ్మ కూడా కట్టించేశాను.

షాపులో డ్రమ్ము తళతళలాడుతోంది. షాపాయన దాని గొప్పలు ఏకరువు పెడుతుంటే వదిన బకెట్ మూత తీసింది. ఆయన ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది వేసి తిప్పండి."

"ఇందులోనా? కొత్త డ్రమ్మమ్మా!"

"రేపు మా షెడ్డులో వేసేది ఇదే కదండీ. మల్లెపూలు వెయ్యను కదా."

అరగంట తిప్పారు. మూత తెరిస్తే నిమ్మకాయలంత ఉండలు దొర్లుకుంటూ వచ్చాయి. వదిన ఒకటి చిదిమి నా ముక్కు దగ్గర పెట్టింది. లోపల అదే కంపు. ఇంకో గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"తడి ఎక్కువైపోయింది అబ్బాయ్. ఇదివరకు ఎండుటాకులు కలిపేదాన్ని, ఇప్పుడవి దొరకట్లేదు. ఎన్నిసార్లు తిప్పినా బురదలోకి గాలెలా దూరుతుంది?"

అంటూనే షాపు వెనక్కి నడిచింది. అక్కడ కొమ్మలు ముక్కలుచేసే యంత్రం దుమ్ముకొట్టుకుని ఉంది. దాని కింద పడున్న చెక్కపొట్టు రెండు దోసిళ్లు తీసి బకెట్లోని దోసెడు చెత్తకి కలిపింది. పిడికిట్లో పట్టి పిండింది. ఒక్క చుక్క మాత్రమే రాలింది.

"ఎండుకొమ్మలు రోడ్డు పక్కన బోలెడు పడుంటాయి. నాకిది ఇవ్వండి."

"మరి నా దిమ్మ?" అన్నాను.

"దానిమీద కూర్చుని కొమ్మలు అందిద్దువుగాని."

ఒళ్లు మండింది. కానీ ఇన్నేళ్లు యంత్రాలు బిగించినా, కొనేముందు యంత్రాన్ని ఏమి అడగాలో నాకు తెలియదు. ఆవిడకి తెలుసు. ఆ తెలివికి నిజంగా ముచ్చటేసింది.

నెల నిండిన రోజు అధికారి ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చాడు. కాసేపటికి విప్పేశాడు.

"కుప్పలు తీసేశారా అమ్మా?"

"మీరు ఆనుకుని నిలబడ్డది కుప్పే సార్."

ఆయన గబుక్కున పక్కకి జరిగి చొక్కా దులుపుకున్నాడు. తరవాత తనే వంగి కాస్త చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. షెడ్డు నడుపుకోవచ్చని రాసి సంతకం చేసి వెళ్లాడు.

ఆయన గేటు దాటగానే వదిన నేలమీద కూలబడి ఏడ్చింది. "ఈ నెలంతా ముద్ద దిగలేదు" అంది. నేనేమో ఆవిడకి భయమంటే తెలియదనుకున్నాను. అంత భయాన్ని కడుపులో పెట్టుకుని అంత నిదానంగా యంత్రాన్ని ఎంచుకుందా అనిపించి, చేతులెత్తి దణ్ణం పెట్టబోయాను. సిగ్గేసి, మంచినీళ్లు తెచ్చిచ్చాను.