కాలి మీద గుడ్డ

చేతులు మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని ఆసుపత్రిలో పసిపిల్లల గదిలోకొచ్చేసరికి, పిల్ల మొహం ఒక్కటే కనిపించింది బాలింతకు. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు, గాజుపెట్టెలో జానెడు ప్రాణం. ఇంకా పాలు తాగే ఓపిక లేదని కాలి నరంలోంచి గుండె దగ్గర దాకా సన్నటి గొట్టం వేశారు. తిండంతా అందులోంచే.

నిన్నటిదాకా ఆ కాలు బయటే ఉండేది. ఇవాళ దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"కాలెందుకు కప్పారమ్మా?"

"చలి," అంది నర్సు తలెత్తకుండా.

చలట! పెట్టె ఉన్నదే వెచ్చగా ఉంచడానికని మొన్న చెప్పింది ఈవిడే. పైగా బాలింత చూపు అటు పడగానే గబుక్కున గుడ్డ అంచు సర్దింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

"మన జుట్టు వాళ్ల చేతిలో ఉందే తల్లీ, నోరు జాగ్రత్త," అని అత్త చెప్పే పంపింది. కానీ ఈ సర్దుడు బాలింతకు కొత్త కాదు. తను చొక్కాలు కుట్టే చోట, సరుకు చూసుకునేవాళ్లు వస్తున్నారంటే యజమాని కుట్టు చెడినవన్నీ అడుగున పెట్టించేవాడు. తన చేతులతోనే పెట్టింది.

"మా దగ్గరా ఇంతేనమ్మా. ఎవరైనా చూడ్డానికొస్తే చెడింది కప్పేస్తాం."

నర్సు చెయ్యి ఆగింది. ఈ గదిలో పిల్లలందరికీ ఆమె ఒక్కతే.

"పొద్దున్నే చెప్పాను డాక్టరుగారికి. రేపు చూద్దామన్నారు. అయినవాళ్లు చూసే వేళ కప్పి ఉంచమన్నారు. నా ఉద్యోగం మీదికి తేకు," అని గొణిగి, అవతలి పెట్టె వైపు తిరిగి నిలబడింది.

బాలింత పెట్టె పక్క కంతలోంచి చెయ్యి పెట్టి గుడ్డ తీసింది. చీలమండ నుంచి మోకాలి దాకా, గొట్టం వేసిన నరం వెంట ఎర్రటి చార. కాలు వాచి ఉంది. వేలితో తాకితే కాలిపోతోంది, లోపల తాడులా గట్టిగా తగిలింది. పిల్ల మొహం ముడుచుకుంది గానీ గొంతు పెగల్లేదు. ఏడవడానికైనా సత్తువుండాలి కదా!

గంట మోగింది.

"టైమైంది, అందరూ బయటికి," అన్నాడు గుమ్మం దగ్గరి కాపలావాడు.

నర్సు వచ్చి గుడ్డ అందుకోబోయింది. బాలింత దాన్ని గుప్పిట్లో బిగించింది.

"కప్పకండమ్మా. డాక్టరుగారు వచ్చి ఈ కాలు చూసేదాకా నేను కదలను."

కాపలావాడు లోపలికి రెండడుగులు వేశాడు. అప్పటికే గుమ్మం దాకా వెళ్లిన ఇంకో తల్లి ఆగింది. వెనక్కి తిరిగి, తన పిల్లవాడి చేతి మీది గుడ్డ వైపు చూసింది.